రక్తపోటు మాత్రలు: ప్రతి నిబంధన వెనుకా ఒక కేసు



ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం కావాలని సంపాదకులు గారు అడిగినప్పుడు మన శాఖ చరిత్రో, పెన్షన్ కోసం మనం చేసిన పోరాటాల చరిత్రో రాస్తాననుకొని ఉంటారు. 1982 డిసెంబరు 17వ తేదీన సుప్రీంకోర్టు ఇచ్చిన నకారా తీర్పు గురించి ఈ పత్రికలోనే ఇదివరకు రెండుసార్లు రాసి ఉన్నాను. మూడోసారి రాస్తే చదివేవారికి విసుగు, రాసేవాడికి సిగ్గు. అందుకని ఈసారి మనలో చాలామంది పొద్దున లేస్తూనే వెతుక్కునే వస్తువు గురించి రాస్తున్నాను. అదే రక్తపోటు మాత్ర.

నేను డాక్టరును కాను. 33 సంవత్సరాలు లెడ్జర్లు, వోచర్లు సరిచూసిన లెక్కల మనిషిని. అయితే సర్కారు నౌకరీ చేసిన మనందరికీ ఒక సంగతి తెలుసు. ఫండమెంటల్ రూల్స్ పుస్తకంలో ఏదైనా రూలు కింద చిన్న అక్షరాలతో ఒక గమనిక కనిపించిందంటే, ఎప్పుడో ఎక్కడో ఒక కేసు జరిగిందన్నమాట. ఎవరో సెలవు మీద వెళ్ళి తిరిగి రాలేదు, ఎవరో ఒకే ప్రయాణానికి రెండుసార్లు టి.ఎ. బిల్లు పెట్టారు, దాంతో ఆ గమనిక పుట్టింది. డాక్టర్లు చెప్పే జాగ్రత్తలూ అలాంటివే. "ఉన్నట్టుండి మానేయకండి", "మంచం మీద నుంచి మెల్లగా లేవండి", "వేరే మందులేమైనా వాడుతుంటే చెప్పండి" అని వారు చెబుతారు, మనం తలూపి వస్తాం. ఆ మాటల వెనుక ఉన్న కేసులు ఏమిటో తెలుసుకుందామని ఈ రెండేళ్ళుగా చదువుతున్నాను. చదవడానికి కారణం కూడా ఒక కేసే. అది ముందు చెప్పాలి.

1993 వేసవి. గుంటూరులో మా ఆఫీసుకు ఒక వైద్య శిబిరం వచ్చింది. నా పక్క సీటు మిత్రుడు, వయస్సు 52, అప్పటికి మూడేళ్ళుగా బి.పి. మాత్రలు వాడుతున్నాడు. ఆయన పేరు రాయను. పాత సభ్యులు గుర్తుపడతారు. ఆ మాత్రలు వేసుకుంటే నోరు ఎండిపోతోందనీ, మధ్యాహ్నం ఫైలు ముందు కూర్చుంటే కునుకు వస్తోందనీ రోజూ అనేవాడు. ఆ రోజు శిబిరంలో కొలిస్తే 130/80 వచ్చింది. ఇద్దరం కాంటీనులో టీ తాగుతున్నాం. నేనన్నాను: "నార్మల్ వచ్చింది కదయ్యా, ఇంకా ఎందుకా మాత్రలు? ఒంటికి వేడి. ఓ నెల మానేసి చూడు." నేను సెక్షన్‌లో సీనియర్‌ని. నోట్ ఫైలు మీద నేను రాసిన మాటను ఆయన ఎన్నడూ కాదనలేదు. ఆ మాటనూ కాదనలేదు.

మూడో రోజు ఆఫీసుకు రాలేదు. తెల్లవారుజామున తలనొప్పి, వాంతి, ఆ తర్వాత కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. నాలుగేళ్ళు మంచంలో ఉండి 1997లో పోయాడు. ఆ నాలుగేళ్ళూ నేను ప్రతి ఆదివారం వెళ్ళాను. నేనిచ్చిన సలహా సంగతి మాత్రం ఆయన భార్యకు చెప్పలేదు. ఆమె నన్ను అన్నయ్య గారూ అని పిలుస్తుంది.

రెండేళ్ళ క్రితం ఆమె పాత కాగితాలు సర్దుతూ కుటుంబ పెన్షన్ తాలూకు పత్రాలు చూడమని నాకు ఒక సంచి ఇచ్చింది. అందులో ఆయన మందుల చీటీ ఉంది. మా మనవరాలు ఫార్మసీ చదువుతోంది. చీటీ చూసి, "తాతయ్యా, ఇది క్లోనిడిన్. దీన్ని ఉన్నట్టుండి అస్సలు ఆపకూడదు" అంది. ఆపితే ఏమవుతుందని అడిగాను. చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా చదువు అక్కడ మొదలయింది.

మొదట నాకు ఆశ్చర్యం కలిగించిన విషయమేమిటంటే, నేను పుట్టిన 1941 నాటికి బి.పి.కి చెప్పుకోదగ్గ మందే లేదు. కొలిచే సాధనం మాత్రం ఉంది. చేతికి పట్టీ చుట్టి పాదరసంతో కొలిచే పద్ధతిని ఇటలీలో రీవా రోచీ 1896లో తెచ్చాడు. స్టెతస్కోపు పెట్టి చప్పుడు విని పై అంకె, కింది అంకె చెప్పే పద్ధతి రష్యన్ డాక్టరు కొరొట్కోవ్ 1905లో చెప్పాడు. అంటే జబ్బును కొలవడం వచ్చి నలభై ఏళ్ళయినా తగ్గించడం రాలేదు. అసలు తగ్గించకూడదనే పెద్ద డాక్టర్లు కూడా ఉండేవారు. బిగిసిన నాళాల గుండా రక్తం పోవాలంటే ఆ పోటు అవసరమేననీ, దాన్ని తగ్గించబోవడం మూర్ఖత్వమనీ 1931లో ఇంగ్లండులో ఒక ప్రొఫెసరు గారు రాశారు. మన వాళ్ళు "వందకు నీ వయసు కలుపుకో, అంతవరకూ ఫరవాలేదు" అంటారే, ఆ లెక్క కూడా ఆ కాలం నాటి ఆలోచన మిగిల్చిన ముక్కే.

ఆ రోజుల్లో ప్రపంచంలో ఎవరికి దొరకని వైద్యమైనా అమెరికా అధ్యక్షుడికి దొరకాలి కదా. 1944 మార్చిలో రూజ్‌వెల్ట్‌ను బ్రుయెన్ అనే గుండె డాక్టరు పరీక్షిస్తే రక్తపోటు 186/108 ఉంది, గుండె పెరిగి ఉంది. ఆయన చేయగలిగింది ఉప్పు తగ్గించడం, విశ్రాంతి చెప్పడం, గుండెకు డిజిటాలిస్ ఇవ్వడం, అంతే. బి.పి.ని దించే మందు ఆయన చేతిలో లేదు. ఆ స్థితిలోనే రూజ్‌వెల్ట్ నాలుగోసారి ఎన్నికయ్యారు, 1945 ఫిబ్రవరిలో యాల్టా వెళ్ళి చర్చిల్, స్టాలిన్‌లతో కూర్చున్నారు. ఏప్రిల్ 12న తల వెనుక భరించలేని నొప్పి అని కుప్పకూలారు. అప్పుడు కొలిస్తే 300/190. వయస్సు 63. అంతకాలమూ ఆయన ఆరోగ్యం బాగానే ఉందని సొంత వైద్యుడు లోకానికి చెబుతూ వచ్చాడు. ఇవాళ మన వీధి చివర మెడికల్ షాపులో దొరికే చౌక మాత్ర ఆ రోజు వైట్ హౌస్‌లో లేదు.

మందు మన దేశంలో ఉంది. సర్పగంధి అంటారు, మన పల్లెల్లో పాతాళగంధి అని కూడా అంటారు. పాము కాటుకూ, పిచ్చికీ దాని వేరు వాడేవారు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు ఆ వేరు పొడి రక్తపోటును తగ్గిస్తుందని ప్రకటించారు. అదే సంవత్సరం ఢిల్లీ తిబ్బియా కాలేజీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ ఆ వేరు నుంచి ఒక పదార్థాన్ని విడదీసి, హకీం అజ్మల్ ఖాన్ గారి మీద గౌరవంతో అజ్మలిన్ అని పేరు పెట్టారు. ఆ మాటలు బయటి దేశాల వారి చెవికెక్కలేదు. బొంబాయిలో డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ 50 మంది రోగుల మీద జాగ్రత్తగా పరీక్షించి 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వ్యాసం రాస్తే అప్పుడు లోకం తిరిగి చూసింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ వారు వేరులోని అసలు సారాన్ని విడదీసి రిసర్పిన్ అన్నారు. వకీల్ గారికి 1957లో అమెరికా వారి లాస్కర్ బహుమతి, 1958లో మన ప్రభుత్వ పద్మభూషణ్ వచ్చాయి. మన పెద్దల తరంలో అడెల్ఫేన్ మాత్ర పేరు వినని ఇల్లు తక్కువ. అందులో ఉండే రెండు మందుల్లో ఒకటి ఈ రిసర్పిన్.

ఇక్కడే మొదటి కేసు. రిసర్పిన్ ఎక్కువ మోతాదులో వాడిన కొందరికి బి.పి. తగ్గింది గాని మనసు కుంగిపోయింది. తిండి మీద, పిల్లల మీద, దేని మీదా ఆసక్తి లేకుండా గోడవైపు తిరిగి పడుకునేవారు. ఇంట్లోవాళ్ళు దాన్ని ముసలితనం అనుకున్నారు, కొందరు కర్మ అనుకున్నారు. మందు వల్ల అని తేలడానికి రోగులు నోరు విప్పి చెప్పవలసి వచ్చింది. మోతాదులు తగ్గించారు, తర్వాత అంతకంటె మంచి మందులు రావడంతో దాని వాడకం తగ్గిపోయింది. బి.పి. మందు మొదలుపెట్టాక మనిషిలో ఏ మార్పు వచ్చినా డాక్టరుతో చెప్పమనేది అందుకే. ఒక చిన్న మాట పక్కన చేరుస్తాను. ఇప్పటికీ సర్పగంధి పొడి మంచిదట అని, ఇంగ్లీషు మాత్రతో పాటు అదీ వేసుకునే మిత్రులు నాకు తెలుసు. అది ఉత్త ఆకు పసరు కాదు. రెండు బి.పి. మందులు కలిపి వేసుకుంటున్నట్టే లెక్క. ఆ సంగతి చీటీ రాసే డాక్టరుకు తెలియకపోతే ఆయన వేసిన కూడిక తప్పుతుంది.

రెండో కేసు మెల్లగా లేవమనే మాట వెనుకది. 1950 ప్రాంతంలో హెక్సామిథోనియం అనే ఇంజక్షను వచ్చింది. న్యూజిలాండులో స్మర్క్ అనే డాక్టరు దాన్ని తీవ్రమైన బి.పి. ఉన్నవారికి వాడి ప్రాణాలు నిలబెట్టాడు. కానీ పడుకున్న మనిషి లేచి నిలబడితే పోటు ఒక్కసారిగా జారిపోయి కళ్ళు తిరిగి పడిపోయేవాడు. 1970లలో వచ్చిన ప్రాజోసిన్ కూడా మొదటి మాత్రకే కొందరిని పడేసింది. అప్పటి నుంచి దాన్ని అతి చిన్న మోతాదుతో, రాత్రి పడుకోబోయే ముందు మొదలుపెట్టడం ఆచారమయింది. ప్రోస్టేట్ ఇబ్బందికి మన వయసు మగవారికి ఇచ్చే కొన్ని మాత్రలు ఈ జాతివే. మూత్రం డాక్టరు ఇచ్చింది వేరు, బి.పి. డాక్టరు ఇచ్చింది వేరు అనుకొని, ఒకరి చీటీ ఒకరికి చూపించం. అర్ధరాత్రి బాత్‌రూంకు లేచి, తలుపు దగ్గర పడి తుంటి విరగ్గొట్టుకుంటాం. నేను ఇప్పుడు లేచే ముందు మంచం అంచున కాసేపు కూర్చుని, కాళ్ళు ఆడించి, ఆ తర్వాత నిలబడతాను. డాక్టరు గారిని అడిగి నిలబడి కూడా బి.పి. కొలిపించుకుంటాను.

1958లో థయజైడ్ మాత్రలు వచ్చాయి. ఒంట్లోని ఉప్పును, నీటిని మూత్రంలో పంపించే రకం. ఈ జాతి మందులు ఇప్పటికీ మన చీటీల్లో ఉన్నాయి. వీటితో సోడియం, పొటాషియం పడిపోవచ్చని త్వరలోనే తెలిసింది, అందుకే మధ్యమధ్య రక్తపరీక్ష చేయించమంటారు. మందు ఉప్పును బయటికి పంపుతుంటే మనం ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలతో లోపలికి పంపుతుంటాం. జమ ఒకరిది, ఖర్చు ఒకరిది. ఇంతకంటె ఈ మాత్రల గురించి చెప్పను, ఎందుకంటే నేను ఎక్కువసేపు నిలబడిపోయిన అధ్యాయం ఇంకొకటుంది.

మందులు వచ్చాయి సరే, వాటి వల్ల మనిషి ఎక్కువ కాలం బతుకుతాడా? అంకె తగ్గడం వేరు, ఆయుష్షు పెరగడం వేరు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు, అంటే మనలాంటి పెన్షనర్ల ఆసుపత్రులు. ఎడ్వర్డ్ ఫ్రైస్ అనే డాక్టరు దానికి నాయకుడు. సగం మందికి నిజం మాత్రలు, సగం మందికి అదే రంగులో ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి, ఎవరికి ఏది అన్నది రోగికీ డాక్టరుకూ తెలియకుండా చూడాలి. ఫ్రైస్‌కు మొదటే ఒక అనుమానం వచ్చింది. ఇచ్చిన మాత్రలు వీళ్ళు వేసుకుంటారా? వేసుకోకుండా పరీక్ష చేస్తే ఆ లెక్కకు విలువేముంది? అందుకని పరీక్షకు ముందు కొంతకాలం వాళ్ళకు రైబోఫ్లేవిన్, అంటే మనం పసుపు పచ్చగా చూసే బి విటమిన్, కలిపిన మాత్రలు ఇచ్చారు. ఆసుపత్రికి వచ్చినప్పుడు మూత్రాన్ని అతినీలలోహిత దీపం కింద పెడితే అది మెరుస్తుంది. మెరిస్తే మాత్ర వేసుకున్నట్టు, లేకపోతే లేనట్టు. పైగా సీసాలో ఎన్ని మాత్రలు మిగిలాయో లెక్కపెట్టారు. లెక్క తప్పినవారిని పరీక్షలోకి తీసుకోలేదు. ఇది చదివి నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఇది ఆడిట్! క్యాష్ బుక్‌తో పాటు పెట్టె తెరిచి నగదు లెక్కపెట్టే పద్ధతి!

1967లో ఫలితం వచ్చింది. కింది అంకె 115 నుంచి 129 వరకు ఉన్న 143 మంది మగవాళ్ళు. 73 మందికి థయజైడ్, మన రిసర్పిన్, హైడ్రలజైన్ కలిపి ఇచ్చారు. మిగిలిన 70 మందికి ఉత్తుత్తి మాత్రలు. సగటున ఏడాదిన్నర తిరగకుండానే ఉత్తుత్తి మాత్రల వారిలో 27 మందికి పెద్ద దెబ్బ తగిలింది, నలుగురు పోయారు. నిజం మాత్రలు వేసుకున్నవారిలో దెబ్బ తగిలినవారు ఇద్దరే, పోయినవారు లేరు. 1970లో అంతకంటె తక్కువ బి.పి. ఉన్నవారి లెక్క కూడా అదే దారిలో వచ్చింది. గమనించండి, ఇది మాత్ర గొప్పతనం ఒక్కటే కాదు. రోజూ వేసుకునే మనుషులని తేల్చుకున్నాక వచ్చిన లెక్క. కాంటీనులో నేను మిత్రుడికి సలహా ఇచ్చేనాటికి ఈ కాగితం అచ్చయి 26 ఏళ్ళు. 130/80 ఎలా వచ్చిందో నాకు తట్టలేదు. అది మాత్ర పనిచేస్తే వచ్చిన అంకె. స్తంభం మీద నిలిచిన పందిరిని చూసి, పందిరి బాగానే ఉంది కదా స్తంభం తీసేద్దాం అన్నట్టు నేను మాట్లాడాను.

ఇక క్లోనిడిన్. ఇది పుట్టిందే పొరపాటుగా. 1962 ప్రాంతంలో జర్మనీలో ముక్కుదిబ్బడకు చుక్కల మందుగా తయారు చేశారు. కంపెనీ డాక్టరు ఒకాయన జలుబుతో ఉన్న తన సెక్రటరీ ముక్కులో వేస్తే ఆమె ఒక రోజంతా నిద్రపోయింది. నాడి నెమ్మదించింది, బి.పి. పడిపోయింది. అలా ముక్కు మందు బి.పి. మందయింది, 1966లో జర్మనీ బజారులోకి వచ్చింది. నోరు ఎండడం, నిద్ర రావడం దాని లక్షణాలు. మా మిత్రుడు రోజూ చెప్పిన రెండు ఫిర్యాదులూ అవే. 1970ల మొదట్లో డాక్టర్లు ఒక సంగతి రాశారు. ఈ మాత్రను ఠక్కున ఆపినవారికి ఒకటి రెండు రోజుల్లోనే చెమటలు, గుండెదడ, తలనొప్పి వచ్చి, బి.పి. మునుపున్న చోటికి కాదు, దానికంటె పైకి ఎగసింది. మెదడు నుంచి వెళ్ళే నరాల ఉరవడిని మందు అణిచి ఉంచుతుంది. చెయ్యి తీస్తే అది ఒక్కసారి తన్నుకొస్తుంది. మానాలంటే డాక్టరు చూస్తుండగా రోజురోజుకూ కొద్దికొద్దిగా తగ్గించాలి. ప్రొప్రనలాల్ కథా ఇటువంటిదే. దాన్ని 1964లో లోకానికిచ్చిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ వచ్చింది. అయితే గుండెనొప్పి ఉన్నవారు దాన్ని ఉన్నట్టుండి ఆపితే నొప్పి తిరగబెట్టడం, గుండెపోటు రావడం జరిగాయని 1975లో బయటపడింది. కాబట్టి నోరు ఎండుతోందనో, నిద్ర వస్తోందనో మా మిత్రుడు నాతో కాక డాక్టరుతో చెప్పి ఉంటే వేరే మాత్ర రాసేవారు. అంత సులభం ఆ పని.

పాము కథ ఒకటి చెప్పాలి, సర్పగంధికి జోడీగా ఉంటుంది. బ్రెజిల్‌లో జరరాక అనే రక్తపింజరి జాతి పాము కరిస్తే మనిషి బి.పి. కుప్పకూలుతుంది. సెర్జియో ఫెరైరా అనే శాస్త్రవేత్త ఆ విషంలోని గుణాన్ని 1965లో పట్టుకొని లండన్‌లో జాన్ వేన్ దగ్గరకు తీసుకెళ్ళాడు. దాని ఆధారంగా అమెరికాలో కుష్మన్, ఒండెట్టి అనే ఇద్దరు 1975లో కాప్టొప్రిల్ తయారు చేశారు. 1981లో అనుమతి వచ్చింది. ఎనలాప్రిల్, రామిప్రిల్ దాని తమ్ముళ్ళు. ఈ కుటుంబం మందులకు ఒక వింత లక్షణం ఉంది, కొందరికి ఆగని పొడి దగ్గు. మా సెక్షన్ సూపరింటెండెంటు గారు ఆరు నెలలు దగ్గు సిరప్పులు తాగారు, ఎక్స్‌రే తీయించారు, మిరియాల కషాయం మిగల్లేదు. చివరికి బి.పి. మాత్ర మారిస్తే దగ్గు పోయింది. 1995లో వచ్చిన లోసార్టాన్, ఇప్పుడు ఎక్కువగా రాసే టెల్మిసార్టాన్‌లతో ఈ దగ్గు బెడద తక్కువ. అయితే ఈ రెండు కుటుంబాల మందులూ ఒంట్లో పొటాషియం పెంచగలవు. బి.పి. వారికి మంచిదని అమ్మే "తక్కువ సోడియం ఉప్పు"లో ఉండేది పొటాషియమే. డాక్టరును అడగకుండా ఆ ప్యాకెట్టు కొనకండి, కిడ్నీ బలహీనంగా ఉన్నవారు మరీను. మన వేసవిలో విరేచనాలు, వాంతులు పట్టుకుంటే కూడా ఈ మాత్రలు, మూత్రం మాత్రలు వాడేవారు ఆ రోజే డాక్టరుకు ఫోను చేయాలి. నీరు తగ్గిన ఒంటిలో ఇవి కిడ్నీని దెబ్బతీయవచ్చు, కొన్ని రోజులు ఏది ఆపాలో వారే చెబుతారు. మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపు కుర్రాడు ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు బి.పి.ని పెంచుతాయి, పై మందులతో కలిస్తే కిడ్నీకి చేటు. ముక్కుదిబ్బడ మాత్రల్లో కూడా బి.పి. పెంచేవి ఉన్నాయి.

నాలుక కింద క్యాప్సూలు సంగతి గుర్తుందా? 1980, 90లలో బి.పి. 200 దాటితే నిఫెడిపిన్ క్యాప్సూలుకు సూదితో పొడిచి నాలుక కింద పిండేవారు. పది నిమిషాల్లో అంకె దిగిపోతుంటే అందరం ఆహా అనుకునేవాళ్ళం. అలా ఎత్తు నుంచి ఒక్కసారి దించితే మెదడుకు, గుండెకు రక్తం చాలక పక్షవాతాలు, గుండెపోట్లు వచ్చాయనీ, ఈ పద్ధతి మానాలనీ 1996లో అమెరికా వైద్య సంఘం పత్రికలో గట్టిగా రాశారు. అందుచేత ఇంట్లో మిషన్ మీద పెద్ద అంకె చూసి కంగారుపడి సొంతంగా రెండో మాత్ర వేసుకోకండి. అయిదు నిమిషాలు వీపు ఆనించి, మాట్లాడకుండా కూర్చుని, చెయ్యి గుండె ఎత్తున పెట్టి మళ్ళీ కొలవండి. అప్పుడూ 180/120 దాటి ఉంటే వెంటనే డాక్టరుకు ఫోను చేయండి. దానితో ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబాటు, చూపు మసక, చెయ్యి కాలు లాగడం ఉంటే వెయిట్ చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. పొద్దున మాత్ర మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. రేపటి మాత్ర వేళ దగ్గరపడితే వదిలేయాలి, రెండూ కలిపి మింగకూడదు.

ఇంత వయసు వచ్చాక ఇంకా ఎందుకీ మాత్రలు అనే మిత్రులకు కూడా లెక్కలున్నాయి. 60 దాటి, పై అంకె మాత్రమే ఎక్కువగా ఉన్న 4736 మందిని చూసి 1991లో అమెరికాలో తేల్చారు. మాత్రలు వాడినవారిలో పక్షవాతం 36 శాతం తక్కువ. వందకు వయసు కలిపే లెక్క ఆ రోజుతో చెల్లిపోయింది. 80 దాటిన 3845 మందితో జరిగిన పరీక్ష ఫలితం 2008లో వచ్చింది. మందు వాడినవారిలో మరణాలు 21 శాతం తగ్గాయి. ఆ పరీక్షలో ముసలివారిని నిలబెట్టి కూడా బి.పి. కొలిచారు, నిలబడితే 140 కంటె తక్కువ ఉన్నవారిని చేర్చుకోలేదు. వేగిరం లేకుండా, పడిపోకుండా చూసుకుంటూ దించారన్నమాట. నాకిప్పుడు 80 దాటాయి. నా మాత్రలు నేను మానలేదు.

ఈ వ్యాసం పూర్తయ్యాక ఒక సందేహం పట్టుకుంది. ఈ సంచిక ఆ చెల్లెమ్మ ఇంటికీ పోస్టులో వెళ్తుంది. కాగితం మీద చూసి తెలుసుకోవడం న్యాయం కాదనిపించింది. పోయిన నెల వాళ్ళ ఇంటికి వెళ్ళి, కాంటీను సంగతి ఉన్న పేరా నేనే చదివి వినిపించాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ సాయంత్రమే నాతో చెప్పారు అన్నయ్య గారూ, మీరు మానేయమన్నారని. నేనూ సరేనన్నాను. మనకెవరికి తెలుసు అప్పుడు?" అంది. ముప్పై ఏళ్ళు ఆమెకు తెలుసన్నమాట.

ఆ తర్వాత, "నాకూ బి.పి. ఉంది కదా, ఇప్పుడు నార్మల్ వస్తోంది, కాళ్ళు కూడా వాస్తున్నాయి, ఆపేయమంటారా?" అని అడిగింది. నన్నడగొద్దు తల్లీ అని, మాత్రల డబ్బా తెమ్మన్నాను. బిస్కెట్ల డబ్బా తెచ్చి టేబుల్ మీద బోర్లించింది. రెండు స్ట్రిప్పులు, రెండు వేర్వేరు కంపెనీల పేర్లు, రెండు రంగులు. భూతద్దం పెట్టి కింద చిన్న అక్షరాలు చదివాను. రెండింటిలోనూ ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములే. మార్చిలో కొడుకు దగ్గరికి హైదరాబాదు వెళ్ళినప్పుడు అక్కడి డాక్టరు పేరు మార్చి రాశారట. కొత్తది మొదలుపెట్టింది, పాతది మానలేదు. అక్కడి నుంచే ఆమె డాక్టరు గారికి ఫోను చేసి రెండు పేర్లూ చదివి వినిపించాం. ఒకటి తీసేయమన్నారు, కాళ్ళ వాపు దాని వల్లే కావచ్చు, వారం తర్వాత వచ్చి చూపించమన్నారు. తీసేసిన స్ట్రిప్పు నా జేబులో వేసుకొని వచ్చేశాను.

మూడవ ఆదివారం ఉదయం 10 గంటలకు మన సంఘ భవనంలో జరిగే నెలవారీ సమావేశానికి బి.పి. చూడడానికి డాక్టరు గారు వస్తున్నారు. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, కషాయం సీసాలు, నొప్పి మాత్రలు, పొడులతో సహా, ఒక సంచిలో వేసుకొని రండి. చెల్లెమ్మ తన బిస్కెట్ల డబ్బా తెస్తానంది.